మైకన్న చెప్పని మాట

పోయిన వారం తిరుత్తణి బస్టాండులో కే.జీ.కండిగై బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషపడేలోపే బయట ఒక ఆటోలోంచి మైకన్న గొంతు వినపడింది. ఆడి మాసం తగ్గింపు, రెండు చీరలు కొంటే ఒకటి ఉచితం అని ముందు అరవంలో, తరువాత తెలుగులో చెబుతున్నాడు. అదే గొంతు. వాక్యం చివర కొంచెం కిందికి దించి, పక్కన కూర్చున్నవాడితో అన్నట్టు ముగించే ఆ తీరు కూడా అదే. మైకన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

పక్క సీట్లో ఆమె "బాగా చెప్తా ఉండాడే, మనోడే ఎవురో" అంది. నేను అవునన్నాను. దిగిపోయి ఆ ఆటోవాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. వాడేం చేస్తాడు పాపం, ఫోనులో ఎవరో పంపారు, వాడు పెట్టాడు. బస్సు కదిలింది. బస్టాండు దాటేదాకా ఆ గొంతు వినపడుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. నేను రాసేవాణ్ణి కాదు. తిరువళ్లూరు స్టేషన్ రోడ్డులో నాకు ఫ్లెక్స్ బ్యానర్ల షాపు ఉంది. పెళ్లికీ చావుకీ ఎన్నికలకీ ఒకే మిషను మీద బ్యానర్లు వేస్తాను. ఐదో తరగతి దాకా తెలుగు బడి, ఆపైన అంతా అరవం. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా ఎవరూ లేరు. మా చుట్టుపక్కల ఇరవై ఊళ్లకు ఆయన మైకన్న. ఆటో మీద రెండు బూర స్పీకర్లు కట్టుకుని, ఊళ్లో ఏం జరగబోతున్నా ముందుగా వచ్చి చెప్పేది ఆయనే. టీకాల క్యాంపు, కరెంటు కోత, తిరునాళ్లు, చర్చి కూటాలు, అన్ని పార్టీల మీటింగులు. పొట్టి మనిషి, సన్నం. నిప్పులు చెరిగే వైశాఖంలో కూడా మెడకు మఫ్లరు. ఎవరైనా నవ్వితే, "మీకు దున్నే మడక ఎంతో నాకు ఈ గొంతు అంత. మడకను వానలో పెడతారా?" అనేవాడు. ఐసు ముట్టడు, పెరుగు ముట్టడు, జామకాయ చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఏ ఇంటికి పోయినా టీ వద్దని, మిరియాలు వేసి నీళ్లు కాచివ్వమని అడిగేవాడు. మా అమ్మ ఆయన కోసమని మిరియాలు విడిగా ఒక డబ్బాలో పెట్టేది.

మైకు పట్టుకున్నవాళ్లంతా హలో హలో అంటారు. మైకన్న అట్లా అనగా నేను వినలేదు. ఏ వీధిలో ఆటో ఆపితే ఆ వీధిలో ఒకరిని పలకరించేవాడు. "మునెమ్మక్కా, మోకాలి నొప్పి ఎట్లుండాది?" అని రెండు స్పీకర్లలోనూ అడిగేవాడు. మునెమ్మక్క పొయ్యి దగ్గర్నుంచే, "అట్లే ఉండాది నాయనా" అని అరిచేది. అప్పుడు అసలు సంగతి మొదలయ్యేది. ఆ వీధికంతా ముందు మునెమ్మ మోకాలు, తరువాత గవర్నమెంటు వార్త. ఆమెకు సిగ్గేమీ లేదు. ఆయన ఇంకెవరినైనా పలకరించిన రోజు మాత్రం అలిగేది. మా వైపు ఒక వీధి తెలుగు, ఒక వీధి అరవం. ఏ ఇంట్లో ఏం మాట్లాడతారో ఆయనకు నోటికి వచ్చు. ఆటో మలుపు తిరిగితే చాలు, వాక్యం సగంలో భాష మారిపోయేది.

ఆడికృత్తికకు తిరుత్తణి కొండ కింద కావళ్ల జనంలో ఎందరో పిల్లలు తప్పిపోతారు. అక్కడి మైకు దగ్గర ఏటా ఈయన ఉండాల్సిందే. ఆదివారం చర్చికి పోయే మనిషి, మిగతా పనులన్నీ మానుకుని మురుగన్ పండగకు వచ్చి కూర్చునేవాడు. పక్కవాళ్లు "నీలం గౌను పాప తప్పిపోయింది" అని చెబితే ఈయన మైకు లాక్కునేవాడు. "నీలం గౌను పాప ఈడ బొరుగులు తింటా బాగుండాది. వాళ్లమ్మ తప్పిపోయింది. అమ్మా, నువ్వు యాడుండావో, నీ బిడ్డ నీకోసం చూస్తా ఉండాది, బిరిన రా." ఎందుకన్నా అట్లా చెబుతావు అని ఒకసారి అడిగాను. బిడ్డతో నువ్వు తప్పిపోయినావంటే ఏడుస్తుంది, తల్లితో నువ్వు తప్పిపోయినావంటే పరిగెత్తి వస్తుంది అన్నాడు.

ఒక్క విషయంలో మహా మొండి. ఫలానా రోజు మీటింగు ఉంది, రమ్మని చెప్పమంటే నోటీసు చూసి చెప్పేసేవాడు. మీటింగు లేదు, రావద్దు అని చెప్పమంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. తానే బస్సెక్కి ఆ ఆఫీసుకు పోయి, ఆఫీసరు నోట విని వచ్చాకే మైకు పట్టేవాడు. "రమ్మని చెప్పి లేకపోతే, నన్ను తిట్టుకుంటా ఇంటికి పోతారు. రావద్దని చెప్పి ఉంటే, ఇంట్లోనే ఉండిపోతారు తమ్ముడూ. అది పెద్ద పాపం" అనేవాడు. ఈ సంగతి ఇరవై ఊళ్లకూ తెలుసు. మైకన్న రావద్దన్నాడంటే ఇక దానికి అప్పీలు లేదు.

వాళ్ల నాయన మా ఊళ్లో తప్పెట కొట్టి చాటింపు వేసేవాడు. నేను చిన్నప్పుడు చూశాను. మా తాత అరుగు మీద కూర్చుని "రేయ్, ఇట్రా" అంటే, ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వచ్చి దూరంగా నిలబడేవాడు. ఆ పని ఊరు ఎస్సీ కాలనీ నెత్తిన పెట్టిన వెట్టి, కాదనేందుకు లేదు. మైకన్న తప్పెట ముట్టలేదు. సౌండు సర్వీసులో వైర్లు మోసి మోసి మైకు దాకా వచ్చాడు. ఒకరోజు నా షాపులో మిరియాల నీళ్లు తాగుతూ అన్నాడు: "మా నాయన చెప్పిన మాటలే నేనూ చెప్తా ఉండా. నీళ్లు వదుల్తారు, పన్ను కట్టండి, కూట్టానికి రాండి. ఆయనను రేయ్ అన్నారు. నన్ను మైకన్న అంటారు. గొంతు ఆయనదే బాగుండేది తమ్ముడూ."

నిజమే, ఊళ్లో అందరూ అన్నా అనేవాళ్లు. చెంగల్రాయ నాయుడని మా ఊరి పెద్దాయన ఉన్నాడు, ఎనభై దాటిన మనిషి, కలెక్టరును కూడా నువ్వనే అనగలడు. ఆయన సైతం "ఏమప్పా మైకూ, రా, కూర్చో" అనేవాడు. కాలనీ నుంచి వచ్చిన మనిషిని ఆ అరుగు మీద కూర్చోమనడం అంతకు ముందు లేదు. నేను మొదటిసారి అన్నా అని పిలిచినప్పుడు మా అమ్మ మూతి తిప్పింది. ఏడాది తిరిగేసరికి "మైకన్న తిన్నాడో లేదో అడుగు" అనడం మొదలుపెట్టింది. ఆ ఒక్క పిలుపు కోసమే ఆయన అంత జాగ్రత్తగా బతికాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్ల కిందట చెన్నై నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి నా షాపుకు వచ్చారు. చదువుకున్నవాళ్లు, మర్యాద తెలిసినవాళ్లు. కంప్యూటరుకు మాటలు నేర్పుతున్నామన్నారు. హైదరాబాదు తెలుగు అయిపోయిందట, విజయవాడ తెలుగు అయిపోయిందట, ఈ సరిహద్దు తెలుగు మాత్రం లేదట. అది లేకపోతే రేపు ఆసుపత్రిలోనో బ్యాంకులోనో మా ముసలివాళ్లు ఏం చెబుతున్నారో మిషనుకు అర్థం కాదట. నాకు ఆ మాట నచ్చింది. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గానీ ఆ రోజు నిజంగా పొంగిపోయాను. చెన్నైలో మమ్మల్ని గొల్టీలంటారు, తిరుపతి దాటితే అరవోళ్లంటారు. మీ మాటా ఒక మాటే, మాకు కావాలి అని ఎవరో ఇంతదూరం వచ్చి అడిగితే ఎవడు పొంగడు? ఒకే ఒక్క మనిషి ఉన్నాడని చెప్పి మైకన్నకు ఫోను చేశాను.

మూడు రోజులు మిషను ఆపేశాను. వెనక గదిలో శబ్దం మారుమోగకుండా గోడలకు దుప్పట్లు, వాటి మీద పాత ఫ్లెక్సులు వేలాడదీశారు. గెలిచిన నాయకులు, ఓడిన నాయకులు, చెవులు కుట్టించుకున్న పిల్లలు, కాలం చేసిన తాతలు చుట్టూ నవ్వుతుంటే మధ్యలో మైకన్న కూర్చున్నాడు. బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు, నోటీసులు చదివి నేర్చుకున్న అరవం. తెర మీద ఒక్కొక్క వాక్యం వస్తుంది, చదవాలి. మొదటిది, రేపు వాన పడవచ్చు అని. మైకన్న ఆగిపోయాడు.

"ఇది ఎవురికి చెప్పాల?" అని అడిగాడు.

ఎవరికీ కాదు సార్, సుమ్మా, ఊరికే చదవండి అన్నాడు అబ్బాయి. ఆయనకు అది మింగుడు పడలేదు. ఎవరికీ కాని మాట నోట్లోంచి ఎట్లా వస్తుందని, కల్లంలో వడ్లు పోసుకున్నవాడికి వాన సంగతి చెప్పే తీరు వేరు, నారు పోసుకున్నవాడికి చెప్పే తీరు వేరు అని వాదించాడు. చివరికి ఒక దారి కనిపెట్టాడు. ప్రతి వాక్యానికీ ఒక మనిషిని తలచుకుని చదివాడు. కరెంటు పోయింది అని మునెమ్మక్కకు చెప్పాడు. మీ మనువు అందింది అని, పింఛను కోసం రెండేళ్లుగా తిరుగుతున్న ఒక వితంతువుకు చెప్పాడు; మా వైపు అర్జీని మనువంటారు. మూడు రోజుల్లో ఆ గదిలోకి మా ఇరవై ఊళ్లవాళ్లనూ పిలిచి మాట్లాడాడు. ఇంత ప్రాణం పెట్టి ఎవరూ చదవలేదు సార్ అంది ఆ అమ్మాయి. సార్ అన్న ప్రతిసారీ ఆయన మఫ్లరు సర్దుకున్నాడు.

మూడోరోజు సాయంత్రం నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం అడిగారు. మైకన్న అది నా చేతికిచ్చి చదవమన్నాడు. నేను మొదటి పేజీ చదివాను. బయట ఒక పార్టీవాళ్లు బ్యానరు ఇంకా కాలేదా అని కేకలు వేస్తున్నారు. మిగతా మూడు పేజీలు తిప్పాను. తిప్పానంతే.

"చదివినావా తమ్ముడూ?"

"చదివినా అన్నా, పెట్టు."

పెట్టాడు. పక్కన సాక్షి సంతకం నేను చేశాను.

ఏడాది తిరక్కుండానే ఆ గొంతు ఊరి మీద పడింది. ఫోనులో ఏ మాటైనా టైపు చేస్తే మైకన్న గొంతులో పలుకుతుంది. షాపువాళ్లు, సౌండు సర్వీసులవాళ్లు అందరూ దాన్నే పెట్టుకున్నారు. మొదట్లో ఆయనకు నవ్వులాటగానే ఉండింది. తిరువళ్లూరులో ఒక సెల్‌ఫోను షాపు ముందు నిలబడి తన గొంతు తానే విని, "బాగానే చెప్తాడు. ఎవురినీ పలకరించడం రాలేదు, అంతే" అన్నాడు. తరువాత పిలుపులు తగ్గాయి. ఆటో వారానికి ఒకరోజు కదిలేది. ఇంతలో గొంతులో గడ్డ అన్నారు. అల్లుడు కాట్టుపల్లి ఓడల యార్డులో కాంట్రాక్టు పని చేస్తాడు, అతను సెలవు పెట్టి వచ్చి చెన్నై ఆసుపత్రిలో చేర్పించాడు. ఆపరేషను చేసి, నెలరోజులు నోరు విప్పవద్దన్నారు.

ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడే అది జరిగింది. మా ఊరి తూర్పు పక్క చెరకు చేలు, వేరుశనగ చేలు, మామిడి తోపులు అన్నీ కలిపి ఒక రసాయనాల ఫ్యాక్టరీకి ఇవ్వాలని పైన ఎవరో అనుకున్నారు. ఇచ్చే ముందు అధికారులు వచ్చి ఊరివాళ్ల మాట వినాలి. కరుత్తు కేట్పు కూట్టం అంటారు దాన్ని. ఒక్కసారే పెడతారు. ఆ రోజు ఎవరేం చెబితే అది రాసుకుని పోతారు. నాలుగు మైళ్ల దూరంలో మెయిన్ రోడ్డు మీది కల్యాణ మండపంలో, మంగళవారం అన్నారు. ఊరంతా కదలాలని తీర్మానం చేసుకున్నారు. చెంగల్రాయ నాయుడు తాను మాట్లాడాల్సింది మనవరాలి చేత కాగితం మీద రాయించుకుని, వారం రోజులు బట్టీ పట్టాడు.

సోమవారం పొద్దున ఎవరికీ తెలియని ఆటో ఒకటి వచ్చింది. మైకన్న గొంతు. రేపటి కూట్టం వాయిదా పడింది, కొత్త తేదీ తరువాత చెబుతారు, ఎవరూ రావద్దు, మీ మీ పనులు చూసుకోండి. మూడుసార్లు తిరిగిపోయింది. ఆయన ఆసుపత్రిలో ఉన్న సంగతి ఊళ్లో తెలియదు; ఒక్కరికైనా ఫోను చేసి అడగాలని తోచలేదు. తోచదు కూడా. మైకన్న రావద్దన్నాడంటే ఆఫీసరు నోట విని వచ్చాడన్నమాట. మంగళవారం అందరూ చేలకు పోయారు. కొందరు సంతకు పోయారు. పదకొండు గంటలకు మండపంలో అధికారులు కూర్చున్నారు. వ్యానుల్లో దిగిన పరాయి మనుషులు ఫ్యాక్టరీ రావాలి, ఉద్యోగాలు కావాలి అన్నారు. ఊరి నుంచి అభ్యంతరం లేదని రాసుకుని, గంటలో ముగించి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ చేల చుట్టూ ముళ్ల కంచె ఉంది. ఆ మాట ఎవరు టైపు చేశారో ఈ రోజుకీ తెలియదు.

మెడకు కట్టుతో ఊరికి వచ్చినప్పుడు మైకన్నకు ఇదేదీ తెలియదు. ఇంట్లోవాళ్లు చెప్పలేదు. రెండోరోజు నా షాపుకు వచ్చి కూర్చున్నాడు. మాట్లాడకూడదని తెలిసీ గుసగుసగా చెప్పాడు. టీ కొట్టు దగ్గర దండం పెడితే ఎవరూ మళ్లీ పెట్టలేదట. నాయుడి ఇంటి ముందు నుంచి పోతుంటే ఆయన అరుగు మీంచి పిలిచాడట.

"రేయ్, ఇట్రా, అన్నాడు తమ్ముడూ."

ఆ తరువాత నాయుడు చాలా తిట్టాడని నాకు వేరేవాళ్లు చెప్పారు. మైకన్న ఆ తిట్లేవీ చెప్పలేదు. ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయాడు.

గొంతు తీసుకుపోయిన చెన్నై కంపెనీకి ఉత్తరం రాశాను. మంచి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. అంతా ఒప్పందం ప్రకారమేనని, ఆ కాగితం నకలు జత చేశారు. మూడో పేజీ అప్పుడు చదివాను. ఈ గొంతును ఎవరికైనా ఇవ్వవచ్చు, ఏ మాటకైనా వాడవచ్చు, చెప్పినవాడికి ఆ తరువాత దాని మీద ఏ హక్కూ లేదు. కింద ఆయన సంతకం, పక్కన నాది. అర్జీలు తీసుకునే సోమవారం చూసి కలెక్టరాఫీసులో మనువు ఇచ్చాం. రసీదు ఇచ్చారు.

ఇక ఇల్లిల్లూ తిరిగి చెబుదామన్నాడు మైకన్న. రెండు ఆదివారాలు తిరిగాం. నేను చెప్పడం, ఆయన పక్కన నిలబడి తలాడించడం. ఆటో వచ్చిన సోమవారం ఆయన ఆసుపత్రిలో ఉన్నాడంటే, ముందే రికార్డు చేసిచ్చి పోయి పడుకున్నాడు అన్నారు. మునెమ్మక్క ఒక్కతే కొంచెం మెత్తబడింది. "నన్ను పలకరించలేదే అనుకున్నా నాయనా. తొందరలో ఉండావేమో అనుకున్నా" అంది. మైకన్న ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. అదే అక్కా, అదే, అని గాలి తప్ప గొంతు లేని నోటితో అన్నాడు. ఆ నెలలో ఆయన మొహం విచ్చుకున్నది ఆ ఒక్కసారే. లోపల్నుంచి ఆమె కొడుకు, రికార్డులో మోకాలి సంగతి ఎట్లా అడుగుతారు అన్నాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

నాయుడి అరుగు ముందు కూడా నిలబడ్డాం. కూర్చోమనలేదు. మిషను సంగతంతా నేను విడమరిచి చెప్పాను. పెద్దాయన ఓపికగానే విన్నాడు.

"కోడి లేకుండా కోడి కూత వస్తాదా అబ్బోడా? గొంతు ఈడిదే కదా. ఈడు ఇయ్యకుండా దానికి యాడ నుంచి వచ్చింది?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. నేను ఇప్పించాను పెద్దయ్యా, నా షాపులో, చదవని కాగితం చదివానని అబద్ధం చెప్పి నేను సంతకం పెట్టించాను అని చెప్పాలి. నేను ఆ వీధిలో పుట్టినవాణ్ణి, నా మాటైతే నమ్మేవాళ్లు. కానీ ఆ కంచె లోపల మా పెదనాన్న కొడుకుల తోపు ఉంది. మా అమ్మ ఇంకా ఆ ఊళ్లోనే ఉంది. "ఎవురో కంపెనీవాళ్లు తీసుకున్నారు పెద్దయ్యా" అన్నాను. మైకన్న నా వైపు తిరిగి చూశాడు. తరువాత తల దించుకుని, నేను చెప్పిందే నిజమన్నట్టు ఆడించాడు.

నెల గడిచి కట్టు విప్పాక గొంతు వచ్చింది గానీ, ఆ వచ్చింది ఎవరి గొంతో మాకు తెలియలేదు. రేకు మీద ఇసుక రుద్దినట్టు ఉండేది. అయినా ఒక సాయంత్రం చర్చిలో మైకు, చిన్న స్పీకరు పెట్టె అడిగి తెచ్చుకుని, ఊరి మలుపులో నిలబడ్డాడు. పెట్టె నేను పట్టుకున్నాను. ముందు మునెమ్మక్క మోకాలి సంగతి అడిగాడు. ఎవరూ పలకలేదు. "నేను మైకన్నను. ఆ మాట నేను చెప్పలేదు. మిమ్మల్ని రావద్దని నేను చెప్పలేదు" అన్నాడు. ఒక ఇంట్లోంచి, "ఎవుడ్రా అది, మైకన్న మాదిరి మాట్లాడతా ఉండేది?" అని కేక వినపడింది. ఎవరో నవ్వారు. మైకన్న మళ్లీ అదే మాట చెప్పాడు. మళ్లీ నవ్వారు. మూడోసారి చెప్పబోయి దగ్గు వచ్చి ఆగాడు. అప్పుడు మైకు నా చేతికి ఇచ్చాడు.

మైకు ఆన్‌లోనే ఉంది. నా ఊపిరి స్పీకర్లో నాకే వినపడుతోంది. వీధిలో అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి. నేను స్విచ్చి ఆపేశాను. వైరు చుట్టుకుంటూ, పదన్నా చలిగా ఉంది అన్నాను. ఆయన కాలనీ దాకా నా ముందు నడుచుకుంటూ పోయాడు.

గడ్డ మళ్లీ లేచింది. ఆఖరి వారంలో రెండుసార్లు పోయి చూశాను. నన్ను ఒక్క మాట అడగలేదు, ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదేమో. ఆయన అడిగింది ఒకటే. నాయుడు కూట్టంలో చెప్పాలని ఏం బట్టీ పట్టాడో తెలుసా అని. తెలియదన్నాను. "వారం దినాలు నేర్చుకున్నాడంట. ఎవురూ వినకనే పోయింది" అన్నాడు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. భార్య కొంగుతో తుడిచింది.

వానలు వెలిసిన రోజుల్లో ఆయన పోయాడు. సమాధుల దొడ్డి కాలనీ చివర ఉంది. కాలనీవాళ్లు, చర్చివాళ్లు, నేను. ఊళ్లోంచి ఎవరూ రారనే అనుకున్నాం. పాస్టరు ప్రార్థన ముగిస్తుండగా, చెంగల్రాయ నాయుడు కర్ర పోటు వేసుకుంటూ వచ్చాడు. వెనక పదిమందికి పైగా ఉన్నారు. మా వీధివాళ్లు అంతదూరం రావడం నేను పుట్టాక చూడలేదు. కాలనీవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. మైకన్న భార్య కూర్చున్నది లేచి నిలబడింది. పెద్దాయన శవపేటిక వైపు చూసి, ఆమెతో అందరికీ వినపడేటట్టు చెప్పాడు:

"పోయినోడి మీద కోపం పెట్టుకోకూడదమ్మా. ఏదో ఆశకు నోరు జారినాడు. మేమంతా మన్నించేసినాము. ఆ మాట చెప్పిపోదామనే వచ్చినాము."

ఆయన దొంగమాట మాట్లాడే మనిషి కాదు. పొలం పోయింది, అయినా వచ్చాడు.

"ఆయన చెప్పలేదయ్యా" అంది ఆమె.

"సరేలేమ్మా" అన్నాడు నాయుడు, పిల్లను సముదాయించినట్టు.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు తమ్ముడూ" అంది.

నాయుడు నా వైపు చూశాడు. ఆయన వెనక మా పెదనాన్న కొడుకులు చూశారు. పాస్టరు, కాలనీ ఆడవాళ్లు, గుంట తవ్విన మనుషులు అందరూ చూశారు.

"పెద్దయ్య అంత పెద్ద మనసుతో వచ్చినాడు కదక్కా" అన్నాను. "దండం పెట్టు."

ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, వంగి, నాయుడికి దండం పెట్టింది.